వెన్నుకు అంటించిన కాగితం

అయినా ఒకరి పేగుల సంగతి ఇంకొకరు అంత శ్రద్ధగా వింటుంటే చూసి కుళ్ళుకున్నానని ఎవరితో చెప్పుకోను? చెప్పుకోదగ్గ అసూయలు లోకంలో చాలా ఉన్నాయి. భార్య నవ్వు మీదో, ఆమె గొంతు మీదో, ఎవడో ఆమెను మెచ్చుకున్న చూపు మీదో పుట్టేవి. వాటికో పరువుంది. నాది మటుకు కడుపుబ్బరం మీద పుట్టింది. నిన్న గాలి ఎన్నిసార్లు కదిలింది, ఏ పక్కకు తిరిగి పడుకుంటే లోపల సర్దుకుంది అని నా భార్యా, లిఫ్టు నడిపే ఒక మనిషీ ఆ వానాకాలమంతా మాట్లాడుకుంటూ ఉంటే, పక్కగదిలో కూర్చుని సూదీ దారంతో నేను ఉడికిపోయాను.

నేను పుస్తకాలకు అట్టలు కట్టేవాణ్ణి. ఇంటి ముందుగదే దుకాణం. వానాకాలం మాకు చెడ్డకాలం. పిండి జిగురు ఓ పట్టాన ఆరదు. పొద్దున అంటించింది సాయంత్రానికి కూడా వేలికి తడి తగులుతుంది. పైగా ఆ ఏడు గ్రంథాలయం వాళ్ళు నలభై ఏళ్ళ వారపత్రికలు తెచ్చి పడేసి, సంపుటాలుగా కుట్టి ఇమ్మన్నారు. ఇంట్లో ఎటు చూసినా పాత కాగితం వాసన, పురుగు పట్టకుండా జిగురులో కలిపే మైలతుత్తం వాసన.

అప్పటికి మూడేళ్ళ కిందట నా భార్యకు గర్భసంచి తీసేశారు. కుట్లు మానాయి, మచ్చ సన్నబడింది, అందరం మరిచిపోయాం. ఏడాది తిరిగాక నొప్పి మొదలైంది. బొడ్డుకు కుడిపక్కన, కాస్త కిందుగా. ఎవరో లోపలినుంచి దారం పట్టి గుంజినట్టు ఉంటుందనేది. వచ్చేది, పోయేది. రక్తం బాగుందన్నారు. మూత్రం బాగుందన్నారు. రెండు స్కానింగులూ బాగున్నాయన్నారు. కాగితాలన్నీ బాగున్నాయంటుంటే మనిషి బాగాలేనంటే ఎలా నమ్మడం? నేను అచ్చును నమ్ముకుని బతికేవాణ్ణి. "ఏమీ లేదని రాశారుగా" అనేవాణ్ణి. మొదట్లో ఓదార్పుగా అన్నాను. తర్వాత్తర్వాత విసుగ్గా అన్నాను. ఆమె చెప్పడం మానేసింది. నొప్పి తగ్గిందనుకున్నాను.

మూడో స్కానింగుకు ఒక్కతే వెళ్ళింది. పని ఒత్తిడని నేను వెళ్ళలేదు. తిరిగొచ్చిన మనిషి వేరు. కారుతున్న గొడుగు ముడవడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడింది.

"ఏమన్నారు?" అన్నాను.

"ఏమీ లేదన్నారు" అంది, సంతోషంగా.

"మరి?"

"లిఫ్టాయన చెప్పాడండీ."

స్కానింగ్ వాళ్ళది నాలుగో అంతస్తు. ఈవిడ లిఫ్టు ఎక్కి మూలకు నిలబడగానే అతను తలుపు వేస్తూ, "ఆపరేషన్ అయి ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నాట్ట.

"నువ్వు చెప్పకుండానే?"

"నిలబడ్డ తీరు చూసి. ఇదుగో, కుడిచెయ్యి ఇక్కడ ఆనించి, కాస్త ముందుకు వంగి. ఆయనా పదేళ్ళు ఇలాగే నిలబడ్డాట్ట. అందుకే లిఫ్టులో స్టూలు వేయించుకున్నాట్ట." గొడుగు గోడకు ఆనించి చేతులతో చూపించింది. "కడుపు కోసి కుట్టాక లోపల పొరలు మానుతూ మానుతూ ఒకదాన్నొకటి అంటుకుంటాయట. పేగు పోయి కడుపు గోడకో, పక్క పేగుకో అతుక్కుంటుందట. చాలామందికి తెలియను కూడా తెలియదట. కొందరికి ఇలా గుంజుతుందట. స్కానింగులో దొరకదట."

"డాక్టరు చెప్పాల్సిన మాట లిఫ్టువాడు చెప్పాడా?"

"డాక్టర్ని అడిగాను. ఔను, అదే అయ్యుండొచ్చు అన్నాడు. అడిగేదాకా ఎవరూ అనలేదు."

వెనకగదిలోంచి మా అమ్మ అందుకుంది. "మీ ఆయనకి అట్ట చూస్తే చాలు, లోపల పురుగుందో లేదో తెలుస్తుంది. అది పుస్తకాలకే పరిమితమే అమ్మాయ్."

నాలుగంతస్తులు. అవి ఎక్కేలోపు ఒక పరాయివాడికి నా భార్య కడుపులో సంగతి తెలిసిపోయింది. పంతొమ్మిదేళ్ళు పక్కన పడుకున్నవాడికి తెలియలేదు. ఆ పూట కుట్టిన పేజీల కట్టలన్నీ వంకర పోతే మళ్ళీ విప్పాను.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మధ్యాహ్నం లిఫ్టు ఖాళీగా ఉండే వేళకు అతను చేసేవాడు. దాపరికం ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ బాధ. దాచుకుంటే దొంగతనం అనుకుని పట్టుకుందును. నడిగదిలో కూర్చుని, నా ముందే, "అన్నయ్యా, పొద్దున మెత్తగా తిన్నాను, ఫరవాలేదు. పీచు కూరే పడలేదు" అని చెప్పేది. అతను ఏదో అనేవాడు. ఈవిడ కడుపు పట్టుకుని నవ్వేది. నా దగ్గర రెండేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ అతని ముందు మూట విప్పినట్టు పోసేది.

అన్నయ్య అని పిలుస్తోంది కదా, ఇంకేం అంటారు. వరస కలిస్తే అనుమానం చల్లారుతుందేమోగాని అసూయ చల్లారదు. ఇంకో మగాడైతే నేను పోటీకి దిగేవాణ్ణి. పుట్టింటివాడితో పోటీ ఏమిటి? వాడు నాకంటే ముందువాడు.

ఒకరోజు నాకూ నొప్పి వచ్చిందన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రాలేదు. భోజనం మధ్యలో కుడిపక్క చెయ్యి పెట్టుకుని కాస్త వంగాను. ఆమె నిలబడే తీరు నాకు కంఠస్థమే.

"ఇక్కడ పట్టేసింది" అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టి, ఆరితేరినదానిలా అడిగింది. "వాంతి వచ్చేట్టుందా?"

"లేదు."

"కడుపు బిగిసిందా?"

"లేదు."

"గాలి పోతోందా?"

"పోతోంది."

"అయితే ఏమీ లేదు. తినండి."

నా మాటే నాకు తిరిగొచ్చింది. ఆమె దెప్పాలని అనలేదు. దెప్పినా బాగుండేది.

మర్నాడు ఆ భవనానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మనిషి అందగాడైతే ఒక రకం, కాకపోతే ఇంకో రకం బాధ పడదామని కాబోలు. చూస్తే బక్కపలచని మనిషి, యాభై దాటినవాడు, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. స్టూలు మీద ఒద్దికగా కూర్చుని ఉన్నాడు. లిఫ్టులో ఇంకెవరూ లేరు.

"ఎన్నో అంతస్తు?"

"అయిదు" అన్నాను. అయిదులో ఏముందో నాకు తెలియదు.

తలుపు మూసి నా చేతులు చూశాడు. గోళ్ళ చుట్టూ ఎండిన జిగురు. "మీరు మా చెల్లెమ్మ వాళ్ళాయన కదూ?" అన్నాడు. "నమస్కారం బావగారూ."

మొహం మీదే బావగారూ అన్నాక తిరిగి ఏదో ఒకటి అనాలి. "ఆఁ" అన్నాను.

"అయిదులో బీమా ఆఫీసు. ఇవాళ సెలవు." నవ్వలేదు. నన్ను పట్టుకున్నానన్న గర్వమూ లేదు. "ఊరికే వచ్చారా? రండి, ఓ చక్కరు కొడదాం. కిందికీ పైకీ తిరగడం తప్ప నాకేం పని."

రెండుకీ మూడుకీ మధ్య లిఫ్టు ఆపి చొక్కా ఎత్తి మచ్చ చూపించాడు. రొమ్ము కిందినుంచి నిలువుగా, లావుపాటి కుట్టు. పేగు పగిలి చచ్చి బతికాట్ట. దాని తర్వాత రెండుసార్లు లోపల ముడిపడి మళ్ళీ ఆస్పత్రికి పోయాట్ట.

"మొదటి రెండేళ్ళు మా ఇంట్లోవాళ్ళు నాటకం అనుకున్నారు. వాళ్ళ తప్పు కాదు. కనబడని నొప్పి అప్పడిగినట్టే ఉంటుంది, ఎదుటివాడు మొహం తిప్పుకుంటాడు." చొక్కా దించుకున్నాడు. "మీరు అదృష్టవంతులు బావగారూ. చెల్లెమ్మకు మిమ్మల్ని విసిగించడం ఇష్టం లేదు. అందుకే నా చెవి కొరుకుతుంది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఇంటికొచ్చేదాకా వెతికాను. దొరకలేదు. మంచివాడు. మంచివాడి మీద కుళ్ళుకోవడమంత ఒంటరి పని ఇంకోటి లేదు, ఎవరూ వంత పాడరు. ఆ రాత్రి ఆమె పక్కన పడుకుని ఒక సంగతి ఒప్పుకున్నాను. ఆమె నొప్పి పోవాలని కాదు నా తపన. ఆ నొప్పి నాకే చెప్పాలని. ఈ రెండూ ఒకటే అనుకుంటూ వచ్చాను.

ఒప్పుకుంటే తగ్గేది జ్వరమూ కాదు, అసూయా కాదు. మరుసటి ఆదివారం అతను మా ఇంటికి వచ్చాడు. రబ్బరు వేడినీళ్ళ సంచి ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు. మా అమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అరగంటలో అమ్మ మోకాళ్ళు కూడా అతని సలహాలోకి వచ్చేశాయి. నేను ముందుగదిలో అట్ట కోస్తూ, కోసిన అట్టే మళ్ళీ కోస్తూ ఉన్నాను.

వెళ్ళేముందు అతను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమెకిచ్చాడు. "ఇది గోడకు పెట్టుకో చెల్లెమ్మా. నేను అనుభవించి రాసింది, మా డాక్టరు చూసి దిద్దింది." ఆమె పొయ్యి పక్క గోడకు గుండుసూదితో గుచ్చింది.

ఆ వారం మంచినీళ్ళకని లోపలికి వెళ్ళిన ప్రతిసారీ దాన్ని చదివాను. గుండ్రటి, బడిపిల్లవాడి దస్తూరీలో అంకెలేసి రాసిన ఆరు జాగ్రత్తలు. నాకు అక్కర్లేని దాన్ని అన్నిసార్లు ఎందుకు చదివానంటే, పుండు గోక్కోవడం లాంటిదే అది. గురువారం మధ్యాహ్నం ఆమె నిద్రపోతుండగా సూది తీసి, కాగితం చేతిలోకి తీసుకుని, సూదిని అలవాటుగా మళ్ళీ గోడకే గుచ్చాను. చింపేద్దామని కాదు. చింపేంత ధైర్యం ఉంటే నా కథ వేరు. చూస్తే మంచి కాగితం. గట్టిది, నార నిలువుగా ఉంది, జిగురు రాసినా ముడత పడదు. కుట్టిన పుస్తకం వెన్నుకు లోపల ఏదో ఒక చిత్తుకాగితం అంటించడం మా పనిలో మామూలే. పైన గుడ్డ వేసేస్తే అది ఎవరికీ కనబడదు. బల్ల మీద వారపత్రికల పదకొండో సంపుటం వెన్ను తడి జిగురుతో సిద్ధంగా ఉంది. అతని దస్తూరీని దాని మీద బోర్లించి, అతుకులు నున్నగా చేసే ఎముక ముక్కతో ఒత్తి, గుడ్డ లాగి కప్పి, బిగింపు చెక్కల్లో పెట్టేశాను. అంత చక్కగా కూర్చున్న వెన్ను ఆ సీజనులో మరొకటి లేదు.

"కాగితం ఏమైంది?" అంది సాయంత్రం.

"ఎగిరిపోయిందేమో" అన్నాను. "గాలి."

"సూది అలాగే ఉందే" అంది.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక బుధవారం పొద్దుటినుంచీ కుండపోత. ఆమె లేవలేదు. పదింటికి ఒకసారి వాంతి, పదకొండింటికి రెండుసార్లు. ముడుచుకు పడుకుని మూలుగుతోంది. ఇదివరకు వచ్చి పోయే నొప్పి ఆ రోజు వచ్చి కూర్చుంది.

"రెండురోజులై కడుపు కదల్లేదు దానికి. నేను చూస్తూనే ఉన్నాను" అంది అమ్మ. విరేచనాల మందు సీసా తెచ్చి నా చేతికిచ్చింది. "రెండు మూతలు పట్టించు. మొత్తం దిగిపోతుంది."

నేను మూతలో పోశాను. ఆమె కళ్ళు తెరవకుండానే అంది. "అన్నయ్య కాగితం చూడండి. మందు సంగతి అందులో ఏదో ఉంది."

"ఆ కాగితం ఎగిరిపోయింది కదే తల్లీ" అంది అమ్మ. అయినా వెళ్ళి గోడ చూసి, పొయ్యి వెనక వంగి చూసి, వచ్చింది. "లేదు. తాగెయ్, మంచిదే. నేను వాడేదే."

ఆమె తల ఎత్తి చెయ్యి చాచింది. మూత ఆమె వేళ్ళకు తగిలింది.

"నాలుగోది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నొప్పి వచ్చి పోతుంటే వేడి కాపడం పెట్టుకుని చూడొచ్చు. నొప్పి విడవకుండా ఉండి, వాంతి పచ్చగా అయి, కడుపు బిగిసి, గాలి కూడా పోకపోతే దారి మూసుకుందని అర్థం. ఆగకూడదు. అయిదోది, ఏమీ తినకూడదు, తాగకూడదు. విరేచనాల మందు అసలు వేసుకోకూడదు, మూసిన తలుపును లోపలినుంచి గుద్దినట్టవుతుంది. ఆరోది, తిన్నగా పెద్దాస్పత్రికి పోవాలి. పాత ఆపరేషన్ సంగతి ముందు చెప్పాలి."

అమ్మ నా వంక చూసింది. ఆమె చూడలేదు. చాచిన చెయ్యి మెల్లగా దుప్పటి మీదికి దించుకుంది.

"గాలి పోతోందా?" అన్నాను.

"నిన్న మధ్యాహ్నం నుంచి లేదు."

మూతలోది కిటికీలోంచి వానలోకి పారబోశాను.

బండిలో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నీళ్ళలో చక్రాలు దిగి ఒకచోట ఆగిపోయినప్పుడు, కళ్ళు మూసుకునే అడిగింది. "ఎన్నిసార్లు చదివారు?"

నేను ఆమె కొంగుతో ఆమె మొహం తుడిచాను. లెక్క తెలియక కాదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కడుపు మీద చెయ్యేసి చూసి, "నోటికి ఏమైనా పట్టారా?" అంది.

"లేదు."

"మంచి పని చేశారు. చాలామంది విరేచనాల మందు తాగించి తెస్తారు. మీకెవరు చెప్పారు?"

"నాకు తెలుసు" అన్నాను.

ఆవిడ గౌరవంగా తలాడించింది. అంత కష్టంలోనూ ఆ గౌరవం ఒక్క క్షణం తియ్యగానే ఉంది. తర్వాత రెండురోజులు అది గొంతులోనే ఉంది, దిగలేదు.

ముక్కులోంచి గొట్టం వేసి పచ్చనీళ్ళు తోడారు. సూదిగుండా నీళ్ళెక్కించారు. ఒక్కోసారి దానంతటదే విడుతుందని ఆగి చూశారు. విడలేదు. మూడోరోజు పొద్దున కడుపు తెరిచారు. పాత కోత దగ్గర వెడల్పాటి దారంలాంటి పొర ఒకటి పెరిగి, దాని కింద పేగు దూరి మడతపడిందట. ఇంకాస్త ఆలస్యమైతే ఆ ముక్క చచ్చిపోయి ఉండేదట. పొర తెంచి, పేగుకు మామూలు రంగు తిరిగి రావడం చూసి, మళ్ళీ కుట్టేశారు.

"మళ్ళీ అతుక్కోదుగా?" అని సర్జన్ను అడిగాను.

"మాటివ్వలేను. లోపల చెయ్యి పెట్టినచోటల్లా ఒళ్ళు మాన్చుకోవడం మొదలుపెడుతుంది. అతుకుడు కూడా ఆ మానడంలోదే. అందుకే ఊరికే నొప్పి అంటే తెరవడానికి వెనకాడతాం." నా గోళ్ళు చూశాడు. "మీరేం చేస్తారు?"

"పుస్తకాలకు అట్టలు కడతాను."

"పేజీలు అతుక్కుంటే?"

"లాగం. ఆవిరి పట్టి, ఎముక ముక్క దూర్చి, రోజంతా కూర్చుంటాం. అయినా ఒక్కోసారి అచ్చు పోతుంది."

"మీకు నయం" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "పుస్తకం ఊపిరి పీల్చదు."

ఆమె తెలివిగా మాట్లాడింది మర్నాడు. ముక్కులో గొట్టం ఇంకా ఉంది. గొంతు బొంగురుగా ఉంది.

"కాగితం ఎక్కడుంది?"

"పదకొండో సంపుటంలో."

"పేజీల మధ్యనా?"

"వెన్నుకు. లోపల అంటించాను. పైన గుడ్డ వేశాను."

ఆమె పెదాలు వణికాయి. ఏడుస్తోందనుకున్నాను. రెండు చేతులతో కడుపు అదిమి పట్టుకుంది. "అయ్యో, నవ్వించకండి. కుట్లు లాగుతున్నాయి" అంది. నవ్వు అయిపోయాక కళ్ళలో నీళ్ళు మిగిలాయి. అవి దేనివో నేను అడగలేదు.

"అన్నయ్యకు చెప్పారా?"

చెప్పలేదు. ఇంట్లో దిండు కింద ఆమె ఫోను రోజూ మధ్యాహ్నం మోగి మోగి ఆగిపోతోందని అమ్మ చెప్పింది. తెమ్మనలేదు నేను. అంతా అయ్యాక కూడా ఆ నాలుగు రోజులు ఆమె నా ఒక్కడిదిగా ఉండాలని. అలా చెబితే బాగుండదు కనక, "వీలు కాలేదు" అన్నాను.

"నేను చెయ్యను" అంది. "మీరే చెయ్యాలి. గాలి కదిలాక చెయ్యండి. అంతకుముందే చెబితే పాపం నిద్రపోడు."

ఆమె నాకు వేసిన శిక్ష అదొక్కటే.

ఆ వార్డులో అందరం గాలి కోసమే కాచుకున్నాం. పొద్దున డాక్టరమ్మ వస్తుంది, "కదిలిందా?" అంటుంది. మందులిచ్చే అమ్మాయి, తుడిచే ఆవిడ, పక్కమంచం ముసలామె, అందరిదీ అదే ప్రశ్న. పేగు మళ్ళీ పని మొదలుపెట్టిందని చెప్పే మొదటి కబురు అది. నేనూ ఆమె కడుపు మీద చెవి ఆనించి వినేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళలో అక్కడ చెవి పెట్టడం అదే మొదలు. దూరాన ఎక్కడో నీళ్ళు కదిలినట్టు ఒక చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం.

"ఏమంటోంది?" అనేది.

"ఏమీ చెప్పడం లేదు."

"మీతో చెప్పడానికి మొహమాటం కాబోలు."

ఆపరేషన్ అయిన నాలుగో రోజు, పదకొండు గంటలప్పుడు, నేను దిండు సర్దుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుని ఆగమంది. మొహం బిగించి ఎటో చూసింది. దుప్పటి కింద సన్నగా, పాత తలుపు తీసినట్టు చప్పుడయింది. ఆమె నా మొహంలోకి చూసింది. మళ్ళీ అయింది, ఈసారి కాస్త ధైర్యంగా.

పక్కమంచం ముసలామె, "అమ్మయ్య" అంది.

ఆమె సిగ్గుపడలేదు. నా చెయ్యి వదిలి, తలుపు వైపు గడ్డంతో చూపించింది.

నేను నడవాలోకి వచ్చాను. వాన వెలిసింది. కిటికీ చువ్వలకు బొట్లు వేలాడుతున్నాయి. అతని నంబరు నా ఫోనులో లేదు. ఆ కాగితం అడుగున, ఆరోదాని కింద, పది అంకెలు ఉండేవి. ఒక్కొక్కటే నొక్కాను. ఒక్కటీ తప్పు పోలేదు.

రెండు మోతలకే ఎత్తాడు. వెనక లిఫ్టు తలుపు ఈడ్చిన చప్పుడు. "హలో, ఎవరండీ?"

గోళ్ళ చుట్టూ ఎండిన జిగురు గీకాను.

"బావగారూ" అన్నాను. "మా ఆవిడకు గాలి కదిలింది. ఇప్పుడే. రెండుసార్లు."